పెంక లేదంటే పస్తుండాలా?

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు ఏ ఇంట్లోనైనా సర్వపిండి చేస్తుంటే కాసేపు పొయ్యి దగ్గర నిలబడి చూడండి. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, దంచిన పల్లీలు, కారం, ఉప్పు, కరివేపాకు వేసి గోరువెచ్చని నీళ్లతో ముద్ద కలుపుతారు. ఇక్కడిదాకా వింతేమీ లేదు. ఆ ముద్దను మాత్రం పెంక మీద వేయరు. అన్నం వండుకునే సర్వకు లోపల నూనె రాసి, అడుగునా చుట్టూ గోడలకూ చేత్తో పలుచగా అదుముతారు. వేలితో అక్కడక్కడ చిల్లులు పెట్టి, ఒక్కో చిల్లులో కాస్త నూనె వదిలి, మూత పెట్టి సన్నని సెగ మీద ఉంచుతారు. పది పన్నెండు నిమిషాల్లో అడుగు ఎర్రగా కరకరలాడుతుంది. పైభాగం మెత్తగా ఉడికిపోతుంది. తిరగేసే పని లేదు.

ఆ చిన్న పనిలో ఎంత ఆలోచన ఉందో చూడండి. పెంక మీదైతే రొట్టెకు అడుగు ఒక్కటే కాలుతుంది. సర్వలో అడుగుతోపాటు గోడలు కూడా కాలుస్తాయి. పిండిలోంచి లేచిన ఆవిరి మూత కింద చిక్కుకుని పైభాగాన్ని ఉడికిస్తుంది. చిల్లుల్లో పోసిన నూనె పిండి కిందికి జారి మాడకుండా కాపాడుతుంది. ఒక్క ఇబ్బంది ఉంది. మొదటిది దించాక సర్వ కాలిపోతూ ఉంటుంది, రెండోది అదమడానికి చెయ్యి పెట్టలేం. అందుకే సర్వను బోర్లించి వెనకాల చల్లటి నీళ్లు పోస్తారు. కొంచెం ముందుచూపున్న ఇల్లాలు రెండు సర్వలు పెట్టుకుని, ఒకటి చల్లారేలోగా రెండోది పొయ్యి మీదికి ఎక్కిస్తుంది. అన్నం గిన్నెను రొట్టె పెంకగా మొదట చూసిన ఆ తల్లి ఎవరో ఎక్కడా రాసి లేదు. పేటెంటు తీసుకోవాలన్న ఊహ కూడా ఆమెకు వచ్చి ఉండదు.

నేను చెప్పదలచుకున్నది ఆమె చూపు గురించి. వస్తువును పేరు పెట్టి పిలిచి వదిలేయకుండా, అది ఏమేం చేయగలదో చూసే చూపు. ఆ చూపు వంటింట్లో అలవడినవాళ్లు ఆఫీసులో, వ్యాపారంలో, పరీక్ష హాల్లో కూడా ఊరికే చేతులెత్తేయరు. దాన్ని నేర్చుకోవడానికి వంటిల్లంత చవకైన బడి ఇంకోటి నాకు కనిపించలేదు. ఫీజు లేదు, తప్పితే ఒక పూట తిండి పాడవుతుంది, అంతే.

కార్ల్ డంకర్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త ప్రయోగం ఒకటి చాలామంది వినే ఉంటారు. ఆయన పరిశోధన ఇంగ్లీషులో 1945లో అచ్చయింది, అప్పటికే ఆయన లేడు. ఎదురుగా కొవ్వొత్తి, అగ్గిపుల్లలు, ఒక డబ్బాలో డ్రాయింగ్ పిన్నులు పెడతారు. కొవ్వొత్తిని గోడకు నిలబెట్టాలి. కొందరు కొవ్వొత్తికే పిన్నులు గుచ్చి చూస్తారు. కొందరు మైనం కరిగించి గోడకు అతికించబోతారు. అసలు దారి చాలా సులువు. డబ్బాలోని పిన్నులు కింద పోసి, ఖాళీ డబ్బాను గోడకు గుచ్చి, అందులో కొవ్వొత్తి నిలబెట్టాలి. చాలామందికి అది తట్టలేదు. డబ్బాలో పిన్నులు ఉండటమే కారణం. పిన్నుల డబ్బా అనుకున్నవాడికి అది దీపపు గూడుగా కనిపించదు. అవే పిన్నులను డబ్బా బయట విడిగా పెడితే ఎక్కువ మందికి తట్టింది.

దీనికి ఇంకో మలుపు ఉంది. అది పిల్లల తల్లిదండ్రులు వినాల్సింది. 1962లో శామ్ గ్లక్స్‌బర్గ్ అనే పరిశోధకుడు ఇదే లెక్కను ఇచ్చి, త్వరగా చేసినవారికి డబ్బు బహుమతి అన్నాడు. బహుమతి ఆశ ఉన్నవాళ్లు లేనివాళ్లకంటే సగటున మూడు నిమిషాలకు పైగా ఆలస్యంగా చేశారు. ఆత్రం చూపును ఇరుకు చేస్తుంది. ‘ఫస్ట్ వస్తే సైకిల్ కొనిస్తా’ అనే నాన్నలు ఇది కాస్త గుర్తుపెట్టుకుంటే మంచిది.

మరి చిన్నపిల్లలు? 2000 సంవత్సరంలో అచ్చయిన ఒక అధ్యయనంలో జర్మన్, డిఫేటర్ అనే ఇద్దరు పరిశోధకులు దాదాపు ఇలాంటి డబ్బా లెక్కనే పిల్లలకు ఇచ్చారు. వస్తువును ఒక్క పనికే కట్టేసి చూసే ఈ జబ్బు ఐదేళ్ల పిల్లలకు లేదు. ఆరేడేళ్ల వాళ్లకు అప్పటికే పట్టుకుంది. మన ఊళ్లలో బువ్వలాట ఆడే పిల్లలను చూసినవారికి ఇందులో ఆశ్చర్యం ఉండదు. కొబ్బరి చిప్ప గిన్నె, సోడా మూత గంటె, ఇటుక పొడి కారం, ఇసుక బియ్యం. అడిగితే ఏ వస్తువైనా ఏ పనైనా చేస్తుంది. ఆ పిల్లలే నాలుగేళ్లు బడికి వెళ్లొచ్చాక ‘అమ్మా, చపాతీ కర్ర కనిపించట్లేదు, ఎలా?’ అని నిలబడతారు. పక్కనే గుండ్రటి గాజు సీసా ఉంటుంది.

పాతవాళ్ల వంట చూస్తే ఈ జబ్బుకు మందు అక్కడే ఉందనిపిస్తుంది. పగిలిన కుండను పారేయలేదు, దాని పెంకులో మక్కలు వేయించారు. ఇసుకను వంట సామానుగా చేసుకున్నారు. బాండీలో ఇసుక కాల్చి అందులో పల్లీలు వేస్తే, ప్రతి గింజకూ అన్ని వైపులా ఒకేలా వేడి తగులుతుంది. ఒక్కటీ మాడదు. పేలాలూ అంతే. జల్లెడ పడితే ఇసుక కిందికి, గింజలు పైకి. నూనె చుక్క అక్కర్లేదు. సకినాలకు బల్ల వెతకలేదు. పాత నూలుబట్ట పరిచి దాని మీద చుట్టారు. బట్ట పిండిలోని తడిని పీల్చుకుంటుంది కాబట్టి తీసేటప్పుడు చుట్టు విరగదు. కుడుములు ఉడికించడానికి ప్రత్యేకంగా పాత్ర కొనలేదు. గిన్నె మూతికి బట్ట కట్టినా, అడుగున గడ్డి వేసి నీళ్లు పోసినా ఆవిరి పైకి రాక మానదు కదా! వడియాలకు నులక మంచమే వంట బల్ల, ఎండే పొయ్యి.

నాకు అన్నింటికంటే నచ్చేది మూత మీద నీళ్ల సంగతి. చిక్కుడుకాయో వంకాయో సన్నని సెగ మీద మగ్గబెట్టేటప్పుడు మూతకు బదులు పళ్లెం పెట్టి, పళ్లెంలో నీళ్లు పోస్తారు. కింద లేచిన ఆవిరి చల్లటి పళ్లేనికి తగిలి మళ్లీ చుక్కలుగా కూరలోనే పడుతుంది. కూర అడుగంటదు. ఒకవేళ నీళ్లు తక్కువైతే పళ్లెంలో వేడెక్కిన నీళ్లు సిద్ధంగా ఉంటాయి, అవే పోసేస్తారు. ఒక పళ్లెం మూడు పనులు చేసింది. ఆవిరి, చల్లదనం, మళ్లీ నీరు కావడం అని బడిలో గీసిన బొమ్మ పరీక్ష రాయగానే మరిచిపోతాం. పళ్లెం మీద నీళ్లు పోసిన అమ్మ మరిచిపోదు.

ఇదంతా చెబుతున్నప్పుడు ఒక ప్రమాదం ఉంది. లేమిని పూలదండ వేసి పొగడటం. అది నాకు ఇష్టం లేదు. మహబూబాబాద్ మిర్చి చేలలో ఏరే కాలంలో ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్ర నుంచి వచ్చిన కూలీలు గట్టు మీద మూడు రాళ్లు పెట్టి, ఉన్న ఒక్క గిన్నెలోనే ముందు కూర, తర్వాత అన్నం వండుకుంటే అది కళాపోషణ కాదు, అవసరం. ఆ పొగ వాళ్ల కళ్లకూ ఊపిరితిత్తులకూ మంచిది కాదు. వాళ్లకు గ్యాస్ పొయ్యి దొరకాలి. నేను మెచ్చుకునేది, ఒక్క గిన్నెతో ఏది ముందు వండాలో ఎంచుకున్న వాళ్ల లెక్కను. కూర ముందు వండి తీసి, కడగకుండా అందులోనే అన్నం పెడితే గిన్నెకు అంటిన ఉప్పూకారం అన్నానికి పడుతుంది. నీళ్లూ మిగులుతాయి. అన్నం ముందు వండితే ఈ రెండు లాభాలూ పోతాయి.

మేడారం జాతరకు వెళ్లొచ్చిన ప్రతి ఇంటికీ ఇలాంటి కథ ఒకటి ఉంటుంది. ఆ ఊరు ఇప్పుడు ములుగు జిల్లాలో ఉంది గాని, 2019లో ములుగు విడివడేదాకా భూపాలపల్లి జిల్లాలోనిదే. రెండేళ్లకోసారి లక్షల మంది అడవిలో గుడారాలేసుకుని మూడు రాళ్ల మీద వంట చేస్తారు. గంటె ఇంట్లో మరిచామని ఏ కుటుంబమూ ఆకలితో తిరిగి రాలేదు. అయితే అక్కడ తెలియాల్సినవి రెండున్నాయి. వాగులోంచి అప్పుడే తీసిన తడి రాయిని పొయ్యికి పెట్టకూడదు. లోపలి తేమ ఆవిరై రాయి పగిలి చిట్లుతుంది. గంటెకు బదులుగా ఏ కొమ్మ పడితే ఆ కొమ్మ విరవకూడదు. గన్నేరు చెట్టుకు వేరు నుంచి పువ్వు దాకా అంతా విషమే. కొత్త వాడకం కనిపెట్టడానికి ధైర్యం చాలదు, ఆ వస్తువు గురించి తెలిసి ఉండాలి.

ఇక అసలు అవసరం ఉన్నవాళ్ల దగ్గరికి వద్దాం. డిగ్రీ అయ్యాక గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షలకో జనగామ నుంచి, మహబూబాబాద్ నుంచి రైలెక్కి హైదరాబాద్ వెళ్లే పిల్లలు. అశోక్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్ గదుల్లో నలుగురు పడుకునే చోట వంటిల్లు ఉండదు. ఉండేవి ఒక ఎలక్ట్రిక్ కెటిల్, ఒక ఇస్త్రీ పెట్టె, ఎవరో ఒకరి రైస్ కుక్కర్. వీళ్ల నాన్నల తరం హాస్టల్లో చెంబులో నిప్పులు పోసి చొక్కా ఇస్త్రీ చేసుకుంది. వీళ్లు ఇస్త్రీ పెట్టె మీద బ్రెడ్డు కాల్చుకుంటున్నారు. లెక్క సరిపోయింది!

ఇక్కడ చాలామంది చేసేది కెటిల్‌లోనే బియ్యం పోసేయడం. గంజి పొంగి మూతి దాటుతుంది. అడుగు మాడుతుంది. మూత తెరిచి పెడితే మరీ ప్రమాదం. నీళ్లు మరిగినప్పుడు ఆవిరి వెళ్లి ఒక చిన్న లోహపు పట్టీకి తగిలితేనే కెటిల్ తనంతట తాను ఆగుతుంది. మూత తెరిస్తే ఆవిరి గదిలోకి పోతుంది, కెటిల్ మరుగుతూనే ఉంటుంది. కెటిల్‌ను నీళ్లకే ఉంచండి. వంట పాత్రగా మూత గట్టిగా పట్టే స్టీలు టిఫిన్ డబ్బాను వాడండి. వేయించిన సేమియాలో మరుగుతున్న నీళ్లు పోసి, మూత పెట్టి, మందపాటి తువ్వాలు చుట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. అటుకులకు అంత సమయం కూడా అక్కర్లేదు. ఉప్పు, నిమ్మకాయ, అమ్మ పంపిన పల్లి కారం కలిపితే రాత్రి భోజనం అయిపోయినట్టే.

స్టీలు ఫ్లాస్కు ఉంటే ఇంకో అడుగు వేయవచ్చు. ముందు వేడి నీళ్లు పోసి, మూత పెట్టి, ఐదు నిమిషాలు ఉంచి పారబోయాలి. ఫ్లాస్కు లోపల వెచ్చబడుతుంది. గంట నానిన గుప్పెడు నూకలు, అర గుప్పెడు పెసరపప్పు వేసి, సలసల మరిగే నీళ్లు నిండా పోసి బిగించి పక్కన పెట్టి చదువుకోండి. రెండు మూడు గంటలకు జావ తయారవుతుంది. బియ్యం ఉడకడానికి మంట అక్కర్లేదు. డెబ్బై ఎనభై డిగ్రీల వేడి, నీళ్లు, తగినంత సమయం చాలు. మంట మనకు అలవాటు, అంతే. అయితే ఈ జావను వెంటనే తాగాలి. రాత్రి పెట్టి, మర్నాడు మధ్యాహ్నం గోరువెచ్చగా ఉందని తాగితే కడుపు పాడవుతుంది. అన్నంలో పెరిగే కొన్ని సూక్ష్మజీవులకు ఆ గోరువెచ్చదనమే పండగ.

రైస్ కుక్కర్‌ను మనవాళ్లు అన్నానికే పరిమితం చేయడం నాకు అర్థం కాదు. అందులో నీళ్లున్నంతసేపు వేడి నూరు డిగ్రీల దగ్గరే ఉంటుంది. నీళ్లు ఇగిరి వేడి అంతకు మించగానే అడుగున ఉన్న అయస్కాంతం పట్టు వదిలేసి మీట పైకి లేస్తుంది. తోషిబా 1955లో అమ్మకానికి తెచ్చిన తొలి ఆటోమేటిక్ రైస్ కుక్కర్ నుంచీ సంగతి ఒక్కటే, నీళ్లు అయిపోయాయని యంత్రానికే తెలియాలి. ఇది అర్థమైతే పప్పు, గుడ్డు, ఆలుగడ్డ, ఉప్మా అన్నీ అందులో వస్తాయి. కడిగిన గుడ్లను ఎసట్లో అన్నంతోపాటే వేసేయండి. పాతకాలం ఇళ్లలో అన్నం గిన్నెలో ఆలుగడ్డ ఉడికించినట్టే.

ఇస్త్రీ పెట్టె సంగతి వేరు. బోర్లా పడేసి దాని మీద ఆమ్లెట్ వేసే వీడియోలు లక్షల మంది చూస్తున్నారు. నూనె తీగల్లోకి దిగితే ఏమవుతుందో ఆ వీడియోలో చూపించరు. బ్రెడ్డునో, ఇంటి నుంచి తెచ్చిన రొట్టెనో బటర్ పేపర్ మధ్య పెట్టి వేడి చేసుకోవడం వరకే దాని హద్దు. ఇంకో మాట. హాస్టల్ వార్డెన్ కెటిల్ పట్టుకుపోతే తిట్టుకోకండి. 1500 వాట్ల కెటిల్ 230 వోల్టుల దగ్గర ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. గదిలో ఉండే చిన్న సాకెట్ తాహతు ఆరు. దానికే మల్టీప్లగ్ పెట్టి నలుగురి ఫోన్లు కూడా తగిలిస్తే గోడలో ఉన్న పాత తీగ ఏం చేస్తుంది పాపం!

వస్తువును కొత్తగా వాడటం ఎలాగో ప్రపంచానికి చూపించిన తెలుగు పెద్దావిడ ఒకరు ఉండేవారు. గుంటూరు జిల్లా కర్రె మస్తానమ్మ. నూరేళ్లు దాటిన వయసులో పొలం గట్టున పొయ్యి వెలిగించి ఆమె చేసిన వంటలను ‘కంట్రీ ఫుడ్స్’ అనే యూట్యూబ్ చానెల్‌లో పది లక్షల మందికి పైగా అనుసరించి చూశారు. 2018 డిసెంబరులో ఆమె కన్నుమూశారు. పుచ్చకాయ డొప్పలో ఆమె వండిన కోడికూర దేశదేశాల పత్రికల్లోకి ఎక్కింది. పుచ్చకాయ కాలిపోదా? పచ్చి డొప్ప నిండా నీళ్లే. ఆ నీళ్లు ఆవిరయ్యేదాకా డొప్ప వేడి నూరు డిగ్రీలు దాటదు, ఆలోగా కోడి ఉడికిపోతుంది. మారేడుమిల్లిలో పచ్చి వెదురు బొంగులో చికెన్ కాల్చే కొండవాళ్లు నమ్ముకున్నదీ ఇదే నీటిని. ఎండు బొంగైతే నిమిషాల్లో బూడిద. పేరు ఒకటే, వెదురే. పచ్చిదా ఎండుదా అన్నదే వంటను తేలుస్తుంది.

అలాగని యూట్యూబ్‌లో కనిపించే ప్రతిదీ తెలివి కాదు. పంజాబ్ దాబాల్లో వాషింగ్ మెషీన్‌లో లస్సీ చిలుకుతారని విన్నప్పుడు నవ్వొస్తుంది గాని, పెద్ద తొట్టి, తిరిగే చక్రం, నీళ్లు పోయే గొట్టం, ఇవి మజ్జిగకు పనికొస్తాయని ఎవరో చూశారు. అది తెలివి. హెయిర్ డ్రయర్‌తో అప్పడం కాల్చి లైకులు అడుక్కోవడం తెలివి కాదు, కరెంటు దండగ. ఎండాకాలం రాగానే బండరాయి మీద ఆమ్లెట్ వేసి చూపించే టీవీ వార్తలూ అంతే. గుడ్డు తెల్లసొన గట్టిపడటానికే అరవై డిగ్రీలు దాటాలి. ఎంత ఎండైనా ఆ రాయి మీద గుడ్డు సగం పచ్చిగానే మిగులుతుంది. ఒక గుడ్డు వృథా.

కొన్ని చోట్ల కొత్త వాడకం నేరుగా విషమే. రంగు డబ్బా ఎంత కడిగినా వంట పాత్ర కాదు. జింకు పూత బకెట్‌లో చింతపండు పులుసు కాచకూడదు, పులుపు ఆ పూతను కరిగించి కూరలో కలిపేస్తుంది. కళాయి లేని ఇత్తడి గిన్నె కూడా అలాంటిదే. మన పాతవాళ్లు ఏడాదికోసారి కళాయి వేయించింది మెరుపు కోసం కాదు. న్యూస్‌పేపర్ మీద మిరపకాయ బజ్జీలు పెట్టుకోవద్దని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2023 సెప్టెంబరులో కూడా హెచ్చరించింది, నూనె ఆ సిరాను తిండిలోకి లాగుతుంది. ఇడ్లీ రేకుల మీద నూలుబట్టకు బదులు పలుచని ప్లాస్టిక్ పరిచే హోటళ్లను చూసి కర్ణాటక ప్రభుత్వం 2025లో ఆ పద్ధతినే నిషేధించింది. నీళ్లు కాచే హీటర్ రాడ్డును బకెట్లో పెట్టి గుడ్లు ఉడికించే కుర్రాళ్లున్నారు. షాక్ కొడితే గుడ్డు తినడానికి మనిషి ఉండడు. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టి పడుకోవడం కూడా చావును పిలవడమే. దాని విషవాయువుకు వాసన ఉండదు.

సింపుల్‌గా ఇలా అడగండి. ఈ వస్తువు తిండికి పనికొచ్చే పదార్థంతో చేసిందా? ఎంత వేడి తట్టుకుంటుంది? పులుపు, నూనె తగిలితే దీనిలోంచి ఏమైనా ఊడి వస్తుందా? మూడింటికీ జవాబు తెలిస్తే ప్రయత్నించండి. తెలియకపోతే పక్కన పెట్టండి.

ఇవన్నీ ఎప్పుడో గాని అవసరం రావు అనుకునేవారికి ఇటీవలి రెండు తేదీలు చెప్తాను. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగింది. ఆ జిల్లా చిట్యాలలో ఒక్క రోజులో 60 సెంటీమీటర్లకు పైగా వాన పడింది. జనం మిద్దెలెక్కి, చెట్లెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు, హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. మరుసటి ఏడాది సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లాలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య పట్టాల కింది కంకర కొట్టుకుపోయి రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. అలాంటి రోజు ఇంట్లో పొయ్యి ఉన్నా గ్యాస్ బండ నీళ్లలో ఉంటుంది. అటుకులు, పేలపిండి, పల్లీలు, బెల్లం ఒక గట్టి డబ్బాలో పోసి అటక మీద పెట్టుకున్న ఇల్లు రెండు పూటలు నెట్టుకొస్తుంది. వంటే అక్కర్లేని వంట అది. డబ్బా మూత గిన్నె అవుతుంది. వరద నీళ్లు మాత్రం, ఎంత దాహమైనా, కాచకుండా తాగొద్దు.

వంటింటి చూపు బయట ఎంత దూరం పోగలదో తెలుసుకోవాలంటే జనగామకు దగ్గర్లోనే ఉన్న ఆలేరు వైపు చూడాలి. శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం చిన్నప్పుడే బడి మానేశారు. చీర నేయడానికి ముందు ఆసు పోస్తూ, అంటే దారాన్ని మేకుల చుట్టూ తిప్పుతూ, తల్లి రోజంతా చెయ్యి ఆడించి భుజం నొప్పితో బాధపడటం చూశారు. యంత్రం చేయాలని ఏళ్ల తరబడి కుస్తీ పట్టారు. ఒక కదలిక దగ్గర ఆగిపోయారు. హైదరాబాద్‌లో ఎలక్ట్రికల్ పనికి వెళ్లినచోట వేరే పనికి వాడే యంత్రం ఒకటి కనిపించింది. అందరికీ అది ఆ ఫ్యాక్టరీ యంత్రం. ఆయనకు అందులో తనకు కావలసిన కదలిక దొరికింది. 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారైంది, 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో సినిమా వచ్చింది. ఇంజనీరింగ్ చదివినవాళ్లు ఎందరో ఆ యంత్రం పక్కనుంచే వెళ్లి ఉంటారు.

కాబట్టి ఈ ఆదివారం ఒక పని చేయండి. ఇంట్లో పిల్లలను పిలిచి, ఇడ్లీ రేకులు దాచేసి, ఇడ్లీ వేయమనండి. ఏమీ కొనకూడదు, మీరు సలహా ఇవ్వకూడదు, పొయ్యి దగ్గర మాత్రం మీరు ఉండాలి. స్టీలు గ్లాసులు తీస్తారో, చిన్న గిన్నెలు తీస్తారో, బట్ట కడతారో చూడండి. పది నిమిషాలు బిక్కమొహం వేసినా నోరు మూసుకోండి. ఆ పది నిమిషాలే వాళ్లకు కావలసింది. బహుమతి మాత్రం ప్రకటించకండి, గ్లక్స్‌బర్గ్ ఏం చెప్పాడో చదివారు కదా.

కూతురితోనే కాదు, కొడుకుతోనూ చేయించండి. రేపు పట్నంలో గది తీసుకునేది అతనే అయితే, సామాను సర్దేటప్పుడు ఒక స్టీలు డబ్బా, ఒక ఫ్లాస్కు, ఒక మందపాటి తువ్వాలు పెట్టండి. గదిలో పదహారు ఆంపియర్ల సాకెట్ ఉందో లేదో అడ్వాన్సు కట్టే ముందే చూసుకోమని చెప్పండి.